కాయకష్టము – కలిమి
(కోనసీమ రైతులకును, తోటకూలీలకును చేసిన ఉపన్యాసము)

  

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము విత్తనములను గూర్చినది కాదు. ఎరువులను గూర్చినదియు కాదు. అది కూలిని గూర్చినది. సేద్యమునకు నీరు, ఎరువు, విత్తనము ఎంత ముఖ్యములో మనుష్యుని చేయి అంతకంటె ముఖ్యము. అయినను మన రైతులు ఎద్దుల వెలను, ఎరువు వెలను లెక్కించినంత శ్రద్ధతో కూలి సంగతి లెక్కింపరు. కూలిచేయువారు దినకూలిని లెక్కింతురుగాని తమ దేహము యొక్క తరుగును లెక్కింపరు. ఈ రెండు లెక్కలును సరిగా వేసికొన్నచో ఉభయులకును మేలు కలుగునని నా అభిప్రాయము.

కోనసీమ కలిమి ఎట్లు పుట్టినది?

గౌతమి, వసిష్ఠ, వైనతేయ శాఖల నడుమను, సముద్రపుటొడ్డునను ఉన్న ఈ సీమ నేడు పచ్చని తోటలకు పేరుపడినది. కాని అది ఎల్లప్పుడు ఇట్లే ఉండలేదు. 1833వ సంవత్సర ప్రాంతమున వచ్చిన కరవు గోదావరి మండలమును కుంగదీసినది. 1839లో తుపాను వచ్చి కోరంగి తీరమును ముంచినది. పిమ్మట సర్ ఆర్థర్ కాటన్ గారి పూనికచే ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలుపెట్టబడి 1852లో పూర్తి అయినది. వైనతేయపై గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి కాలువ నీటిని ఏటిమీదుగా నగరము లంకకు దాటించినది కూడ ఆ దశకముననే.

ఈ పనులకు కాటన్ గారి బుద్ధి ఎంత కారణమో, రాయి మోసిన భుజములును, మన్ను త్రవ్విన చేతులును అంతే కారణము. కాలువ వచ్చిన పిదప భూమి వెల పెరిగినది. భూమి గలవాడు భాగ్యవంతుడైనాడు. మన్ను త్రవ్వినవాడు ఆనాటి కూలి ఆనాడు పుచ్చుకొని ఇంటికి పోయినాడు. పని ఒక్కటియే, దాని ఫలము ఒకనికి తరతరములు నిలిచినది, వేరొకనికి సాయంకాలముతో సరి. ఇట్లేల జరిగెను?

కొందరు కూలివాని దుర్వ్యయమే దీనికి కారణమందురు. మరికొందరు కూలి చాలకపోవుటయే కారణమందురు. రెండింటను కొంత నిజము కలదు. అయితే ఈ రెండింటికిని వెనుక మూడవ కారణ మొకటి ఉన్నది. అది మన అంబాజీపేట కొబ్బరివర్తకమును చూచిన వారికి సులభముగ బోధపడును.

ఆగగలుగుటయే కలిమి

చెట్టునుండి దింపిన కాయను వెంటనే అమ్మినచో పచ్చికాయ ధర వచ్చును. అదే కాయను అటకపై పోసి, ఎనిమిది పదినెలలు ఓపికపట్టి, లోపలి నీరు ఇంకి కొబ్బరి చిప్పనుండి విడివడి గుండుగా అగువరకు ఆగినచో అది కురిడీ అగును. కురిడీలో గండేరా, గటగట అని తరగతులు చేసి వర్తకులు కొందురు. కాయ అదే, చెట్టు అదే. అయినను ఆగినవానికి సామాన్యముగ హెచ్చు ధర వచ్చును. ఆగలేనివాడు వచ్చిన ధరకే అమ్ముకొనవలయును.

కాయకష్టమునకు ఇట్టి అటక లేదు. నేడు అమ్ముడుపోని కాయను రేపు అమ్మవచ్చును. నేడు చేయని పనిని నిలువచేసి రేపు రెండింతలుగా అమ్మజాలము. వాన కురిసి పని నిలిచిన దినము పోయినట్లే. జ్వరము వచ్చిన దినమును పోయినట్లే. అందుచేతనే శ్రమను అమ్మువాడు బేరములో ఎల్లప్పుడు దుర్బలుడు. అతడు ఆగలేడు, ఆగలేనివాడు అడిగిన ధరకు ఒప్పుకొనును.

అయితే ఒక్క ఉపాయము కలదు. శ్రమను నిలువచేయ వీలులేదు గాని శ్రమవలన వచ్చిన కూలిని నిలువచేయవచ్చును. మూడు నెలల గ్రాసము ఇంట నున్న కూలివాడు, ఏమియు లేని కూలివానివలె బేరమాడడు. “ఈ ధరకు రాను, రేపు చూతము” అని అనగలడు. ఈ మాట అనగలుగుటయే కలిమికి మొదటి మెట్టు. మేడలును, బంగారమును తరువాతి సంగతి.

కాయకష్టములోని మేలు

కూలిపనిని చులకనగా చూచుట మనదేశమున పాత వ్యాధి. దానిలోని మేలు నిష్పక్షపాతముగ చెప్పుకొందము.

మొదటిది, దీనికి పెట్టుబడి అక్కరలేదు. దింపుకత్తియు, కాళ్ళకు బంధమును ఉన్నచో కొబ్బరిచెట్టు ఎక్కువాని సరంజామా పూర్తియైనట్లే. రెండవది, ఫలము ఆలస్యము కాదు. నాటురకపు కొబ్బరిమొక్క నాటిన రైతు మొదటి గెలకై ఆరేడు సంవత్సరములు ఎదురుచూడవలయును. ఎక్కినవానికి సాయంకాలమే రొక్కము చేతికి వచ్చును. మూడవది, నేర్పును ఎవ్వరును జప్తు చేయలేరు. ఋణదాత పొలమును వేలము వేయగలడుగాని చెట్టెక్కు నేర్పును వేలము వేయలేడు. నాల్గవది, నేర్పుగల కూలివానికి దేశమంతయు ఇల్లే. కోనసీమలో పని సన్నగిల్లినప్పుడు కొబ్బరి పెరుగు ఇతర సీమలకు పోయియు అతడు బ్రతుకగలడు.

ఇంకొక మేలు కలదు. పదవ తరగతి చదివి చిన్న దుకాణములో గుమాస్తాగా కూర్చున్నవానికంటె చెట్టెక్కువానికి దినకూలి అనేక పర్యాయములు అధికముగ ఉండును. ఇది చూచి కొందరు, “ఇక చదువెందుకు?” అని అనుచుందురు. అట్లు అనుటకు ముందు రెండవ వైపుకూడ చూడవలయును.

కాయకష్టములోని కీడు

చెట్టెక్కువాని కూలి అధికముగ ఉండుటకు కారణము దయ కాదు, అపాయము. నలుబది ఏబది అడుగుల ఎత్తున, వానకు నానిన మ్రానిపై, ఒంటిచేత కత్తి పట్టి చేయు పని అది. కాలు జారినచో వెన్నెముక విరుగును, ప్రాణమును పోవచ్చును. హెచ్చుగా ఇచ్చు ఆ కూలిలో కొంతభాగము నేటి పనికి వెల. తక్కినది రేపు రాగల అపాయమునకు ముందుగా ఇచ్చిన వెల. ఆ రెండవ భాగమును గూడ నేడే ఖర్చుచేసినవాడు తన విరుగబోవు ఎముక వెలను ముందే భుజించినట్లు.

రెండవ కీడు వయస్సు. గుమాస్తాకు ఏండ్లు గడచినకొలది జీతము పెరుగును. కాయకష్టము చేయువానికి ఇరువది ఐదేండ్లకే పూర్తి కూలి వచ్చును; నలుబది ఐదేండ్లకును అదే కూలి; పిమ్మట కీళ్ళు పట్టి కూలి తగ్గును. వాని సంపాదన గోదావరి వరద వంటిది: ముందు పొంగును, తరువాత తీయును. వరదనాటి నీటిని చెరువులో నింపుకొననివాడు వేసవిలో ఏమి చేయును? దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలయునను సామెత పుట్టినది ఇందులకే.

మూడవ కీడు పని దినముల కొరత. దింపు పని తోటకు నలుబది ఐదు లేక అరువది దినముల కొకసారి వచ్చును. సార్వా నాట్లు కొద్దివారములు, కోతలు కొద్దివారములు. వానలలో కొన్ని దినములు పని నిలిచిపోవును. నాల్గవది, ప్రకృతి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిచెట్లను లక్షలకొలది కూల్చినది. గోదావరి తీరమున వేయిమందికిపైగా మరణించిరి. చెట్టు కూలినప్పుడు రైతుకు నష్టపరిహారము గూర్చి పలువురు మాటలాడుదురు. ఆ చెట్టు ఎక్కి బ్రతుకువాని సంగతి ఎవరికిని జ్ఞప్తికి రాదు. క్రొత్తమొక్క పెరిగి కాపునకు వచ్చువరకు ఆ చెట్టునుండి రైతుకు కాయ ఎట్లు లేదో, ఇతనికి కూలియు అట్లే లేదు.

దినకూలి వేరు, ఆదాయము వేరు

ఇప్పుడు లెక్క చూతము. ఈ అంకెలు లెక్క నేర్చుకొనుటకై అనుకొన్నవి మాత్రమే. మీ ఊరి ధరలను వాని స్థానమున వేసికొనుడు.

ఒక దింపువానికి దినమునకు 800 రూపాయలు వచ్చుననుకొందము. సంవత్సరమున 200 దినములు పని దొరకిన మొత్తము 1,60,000 రూపాయలు. తిండి మాత్రము 365 దినములు కావలయును. ఆ మొత్తమును 365 చేత భాగించిన దినమునకు 438 రూపాయలు వచ్చును. కాబట్టి “నేను 800 రూపాయల మనిషిని” అని ఖర్చుపెట్టువాడు తప్పక అప్పులో దిగును. “నేను 438 రూపాయల మనిషిని” అని ఎరిగినవాడు నిలదొక్కుకొనును.

వాని పొరుగువాడు ఒక తోటలో దినమునకు 500 రూపాయలకు కావలి, నీరుపెట్టుట మొదలగు పనులు 300 దినములు చేయుననుకొందము. అతనికి 1,50,000 రూపాయలు. ఇద్దరికిని తేడా సంవత్సరమునకు 10,000 రూపాయలే. చెట్టుమీది అపాయమునకు ఆ తేడా చాలునా అని ఎవరికి వారు ఆలోచించుకొనవలయును. ఎక్కుట మానుమని నేను చెప్పుట లేదు. దినకూలిని మాత్రము చూచి మోసపోవద్దని చెప్పుచున్నాను.

ఇంకొక లెక్క. మనుష్యుడు ఇరువదవ ఏట పని మొదలుపెట్టి ఏబదవ ఏటి వరకు చెట్టెక్కుననుకొందము. డెబ్బది ఏండ్లు బ్రతికిన, 30 సంవత్సరముల సంపాదన 50 సంవత్సరములు పోషింపవలయును. అనగా 5 రూపాయలలో 3 రూపాయలే నేటివి; 2 రూపాయలు ముసలితనమువి. ఏబది దాటిన పిదప తేలికపని ఏదియో చేయును, బిడ్డలు కొంత ఆదుకొందురు అనుకొని ఈ లెక్కను ఎంత సడలించినను, పదింట ఒక రూపాయి యైనను ప్రక్కన పెట్టక తప్పదు.

రైతు ఎద్దును కొన్నప్పుడు, అది ఇన్ని ఏండ్లు పనిచేయును, పిమ్మట వేరొకటి కొనవలయునని మనస్సులో లెక్కవేసికొనును. దానిని తరుగుదల అందురు. ఎద్దునకు వేయు ఆ లెక్కను మన దేహమునకు వేసికొనకపోవుట న్యాయమా?

అప్పు, పొదుపు

కాయకష్టము చేయువానిని పేదవానిగ నిలిపి ఉంచునది తరచుగ కూలి కొరతకంటె వడ్డీయే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మన పల్లెలలో ‘ధర్మవడ్డీ’గ చెల్లుచున్నది. 20,000 రూపాయల అప్పునకు అది నెలకు 400 రూపాయలు, సంవత్సరమునకు 4,800 రూపాయలు. నాలుగు సంవత్సరముల రెండు నెలలలో వడ్డీయే అసలంత అగును. అసలు మాత్రము చెక్కుచెదరక అట్లే ఉండును. వడ్డీకూడ చెల్లింపక వడ్డీపై వడ్డీ పడనిచ్చినచో మూడు సంవత్సరములలో అప్పు రెండింతలగును.

అదే వడ్డీ మన ప్రక్కకు తిరిగినప్పుడు ఏమగునో చూడుడు. నెలకు 1,000 రూపాయల చొప్పున పదునైదేండ్లు పోస్టాఫీసులోనో బ్యాంకిలోనో వేసి, సంవత్సరమునకు నూటికి 6 వంతున వడ్డీ వచ్చినదనుకొందము. వేసినది 1,80,000, చేతికి వచ్చునది సుమారు 2,90,000 రూపాయలు. పెద్ద ధనము కాకపోవచ్చును. కాని ఏబదవ ఏట చెట్టు దిగినవానికి రెండు పాడిగేదెలను కొనుటకో, చిన్న తోటను కౌలుకు పుచ్చుకొనుటకో అది చాలును.

కావున క్రమము ఇది: ముందు అధికవడ్డీ అప్పు తీర్చుడు, అప్పు ఉండగా పొదుపు చేయుట చిల్లికుండలో నీరు పోయుట. రెండవది, మూడు నెలల గ్రాసమునకు తగిన రొక్కము ప్రక్కన పెట్టుడు. మూడవది, ప్రమాద భీమా. నాల్గవది, ఫలమిచ్చు ఆస్తి. ఈ నాలుగు మెట్లలో ఏదియు దాటి దూకరాదు.

చీటీపాటలను గూర్చి ఒక మాట. చీటీ చెడ్డది కాదు. పెక్కు కుటుంబములు దానివలననే పొదుపు నేర్చినవి. అయినను 1982 నాటి చిట్‌ఫండ్ చట్టప్రకారము నమోదుకాని చీటీలో ధనము వేయుట, పేరెరుగనివాని పడవలో ఏరు దాటుట వంటిది. పాట పెట్టువాని మంచితనమును గాక, వాని కాగితమును చూడుడు.

భీమా విషయమున పేదవానికి అందుబాటులో ఉన్న సాధన మొకటి కలదు. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సురక్షా భీమా యోజనలో 18 మొదలు 70 ఏండ్ల వయస్సువారు బ్యాంకి ఖాతా ద్వారా చేరవచ్చును. మొదట సంవత్సరమునకు 12 రూపాయలుగా ఉన్న రుసుము 2022 జూను నుండి 20 రూపాయలైనది. ప్రమాదమున మరణించినను, పూర్తిగ అంగవైకల్యము కలిగినను 2 లక్షల రూపాయలు వచ్చునట్లు ఏర్పాటు. ఇదిగాక కొబ్బరి అభివృద్ధి బోర్డువారు చెట్టెక్కు కార్మికులకై ‘కేర సురక్ష’ అను భీమాను ఏర్పరచిరి. ఒక్క దినపు తేనీటి ఖర్చు మిగిల్చి ఇట్టివానిలో చేరనివాడు తన భార్యాబిడ్డలకు అన్యాయము చేసినవాడగును.

నేర్పును పెంచుకొనుట

కూలి పెంచుకొనుటకు మూడు మార్గములు కలవు: ఎక్కువ గంటలు పనిచేయుట, ఎక్కువ అపాయమునకు ఒడ్డుట, ఎక్కువ నేర్చుకొనుట. మొదటి రెండింటికిని దేహము హద్దు. తాడిచెట్టు ఎక్కువానిని ఎంతదాక ఎగదోయగలము? మూడవదానికి హద్దు లేదు.

ఉదాహరణమునకు, చెట్టు మొవ్వువరకు పోవువాడు దింపువా డొక్కడే. క్రింద నిలిచిన రైతుకు కనబడనిది అతనికి కనబడును. ఆకులు కత్తెరతో కోసినట్లు త్రికోణాకారముగ తెగియుండిన కొమ్ముపురుగు చేరినదని గుర్తు. దానిని కొక్కెముతో లాగి చంపవచ్చును. మ్రానిపై రంధ్రములుండి గోధుమవన్నె ద్రవము కారుచు, చెవి ఆనించిన లోపల నమలుచున్న చప్పుడు వినబడిన అది ఎర్రముక్కు పురుగు, చెట్టే పోవును. మొవ్వాకు వాడి, పట్టిలాగిన ఊడివచ్చిన అది మొవ్వుకుళ్ళు. 2016 మొదలుకొని మన తోటలను పీడించుచున్న వలయాకారపు తెల్లదోమ ఆకుల అడుగుభాగమున తెల్లని చుట్లుగా కనబడును. వీనిని గుర్తించి రైతునకు వెంటనే తెలుపగలవాడు కేవలము కాయలు దింపువాడు కాడు, చెట్ల వైద్యుడు. కాయదింపుటకు ఒక వెల, మొవ్వు శుభ్రము చేయుటకు వేరొక వెల అడుగుటకు అతనికి అర్హత కలుగును.

సంకరజాతి మొక్కల నుత్పత్తి చేయుటకు చెట్టెక్కి పూలగెలపై చేతితో పరాగ సంపర్కము చేయువారు కావలయును. అంబాజీపేట పరిశోధనాస్థానమువారు నాటురకమును గంగాబొండముతో కలిపి ‘గోదావరి గంగ’ అను సంకరజాతిని తయారుచేసిరి. పుస్తకవిద్యతోపాటు చెట్టెక్కు విద్యయు కలిసినప్పుడే ఇట్టి పని నెరవేరును. నర్సరీ పెంచుట, డొక్కనుండి పీచు తీయుట, పొట్టును ఎరువుగా మార్చుట, కాయలు గుత్తకు కొని అమ్ముట ఇవియన్నియు చెట్టు దిగిన పిదప కొనసాగింపదగిన వృత్తులు. నలుబదవ ఏటికే వీనిలో ఒకటి మొదలుపెట్టవలయును. ఏబదవ ఏట వెదకిన దొరకదు.

పరదేశపు కూలి

మన తాతలనాడు గోదావరి మండలమునుండి వేలకొలది జనులు కాకినాడ, కోరంగి రేవులలో ఓడ ఎక్కి రంగమునకు పోయిరి. రంగూను రేవులో సరకులు మోసి, ధాన్యపు మిల్లులలో పనిచేసి సొమ్ము పంపిరి. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలకును బర్మావారికిని ఘోరమైన కలహము జరిగినది. 1942లో జపానువారు రంగూనును పట్టుకొన్నప్పుడు లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో కొండలు అడవులు దాటి నడచివచ్చిరి. దారిలో ఎందరో చనిపోయిరి.

పిమ్మట గల్ఫు దేశముల కాలము వచ్చినది. రాజోలు, అమలాపురము, కొత్తపేట ప్రాంతములనుండి స్త్రీపురుషులు కువాయిటు మొదలగు దేశములకు పోయిరి. స్త్రీలు పలువురు ఇంటిపనికి కుదిరిరి. 1990 ఆగస్టు 2వ తేదీని ఇరాకు కువాయిటును ఆక్రమించినది. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు తేవలసివచ్చినది. 2020లో కరోనా వ్యాధి వలన మరల అట్లే జరిగినది.

ఈ మూడు ఉదంతములలోను నీతి ఒక్కటే. అక్కడ కూడబెట్టి అక్కడనే ఉంచినది ఒక్క రాత్రిలో పోవచ్చును. నెలనెల ఇంటికి పంపి అప్పు తీర్చుటకో, భూమికో, బిడ్డల చదువునకో వినియోగించినది మిగులును. పంపిన సొమ్ము వివాహాడంబరములకును, బంగారు నగలకును పోయిన, తిరిగివచ్చినవాడు వెళ్ళినప్పటి చోటనే నిలుచును. ఇంటనుండి సొమ్ము అందుకొనువారికి దీనియందు సగము బాధ్యత కలదు. పోదలచినవారు 1983 నాటి వలస చట్టము ప్రకారము నమోదైన ఏజెంటు ద్వారానే పోవలయును. హెచ్చు వడ్డీకి అప్పుచేసి దళారికి ఇచ్చి పోవువాడు, మొదటి రెండు సంవత్సరములు తనకుగాక ఋణదాతకు పనిచేయుచున్నాడని తెలిసికొనవలయును.

రైతునకు నాలుగు మాటలు

ఇంతవరకు కూలివానితో మాటలాడితిని. ఇక రైతుసోదరులతో. “కూలి పెరిగినది, సేద్యము గిట్టదు” అని మీరనుట వినుచున్నాను. 2011లో కోనసీమ రైతులు వేలకొలది ఎకరములలో సార్వా నాట్లు మాని పంటవిరామము ప్రకటించిరి. ప్రభుత్వము డాక్టరు మోహన్ కందా గారి అధ్యక్షతను సంఘమును నియమించినది. రైతులు చెప్పిన కారణములలో కూలీల కొరత ఒకటి. గిట్టుబాటు ధర లేకపోవుట, మురుగుకాలువలు పూడిపోవుట తక్కినవి. కూలి ఒక్కటే కారణము కాదని దీనినిబట్టియే తెలియుచున్నది.

కొబ్బరి సంగతి లెక్కవేసి చూతము. ఎకరమునకు 60 చెట్లు, చెట్టునకు సంవత్సరమునకు 80 కాయలు, మొత్తము 4,800 కాయలనుకొందము. సంవత్సరమున ఆరు దింపులు. ఒక చెట్టు ఎక్కుటకు 30 రూపాయలు. దింపు ఖర్చు 10,800 రూపాయలు. కాయ 5 రూపాయలైన రాబడి 24,000. అందు దింపు ఖర్చు నూటికి 45. కాయ 10 రూపాయలైన రాబడి 48,000. ఖర్చు నూటికి 22½. కాయ 20 రూపాయలైన రాబడి 96,000. ఖర్చు నూటికి 11¼. మూడుసారులును కూలి ఒక్కటియే! బరువైనది కూలి కాదు, పడిపోయిన ధర. 2025లో కొబ్బరి ధరలు మున్నెన్నడు లేనంతగ పెరిగినప్పుడు కూలి భారమని అన్న రైతులు తక్కువ. కాబట్టి ధరతో చేయవలసిన పోరాటమును కూలివానితో చేయకుడు. 2025 సంవత్సరమునకు కురిడీ కొబ్బరికి క్వింటాలుకు 12,100 రూపాయలు, నూనెకొబ్బరికి 11,582 రూపాయలు మద్దతు ధరగా కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఇట్టి ధర తోటగట్టు వరకు వచ్చునట్లు కొనుగోలు కేంద్రములకై సంఘముగ ఏర్పడి అడుగుడు.

దిగుబడి పెరిగినను కూలిభారము తగ్గును. అదే తోటలో చెట్టునకు 100 కాయలు వచ్చిన, కాయ 10 రూపాయల ధరకు రాబడి 60,000 అగును. ఎక్కు చెట్లు అన్నియే గనుక దింపు ఖర్చు నూటికి 18కి దిగును. అందులకు కాపునకు వచ్చిన చెట్టునకు ఏటేట సుమారు 1 కిలో యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేటు, 2 కిలోల పొటాషు, పశువులయెరువుతో కలిపి రెండు దఫాలుగ, మ్రానికి నాలుగైదు అడుగుల దూరమున పళ్ళెము చేసి వేయవలయును.

మీరు చేయదగిన ఇతర పనులు ఇవి. వాన కురిసి మ్రాను తడిసియున్న దినమున చెట్టు ఎక్కుమని నిర్బంధింపకుడు. ఒక్క దినము ఆలస్యమైన కాయ చెడదు, మనిషి పడిన మరల లేవడు. నలుగురు రైతులు కలిసి ఒక దింపు జట్టుతో సంవత్సరమునకు ఏర్పాటు చేసికొన్నచో వారికి పని దినములు నికరముగ ఉండును, మీకు జట్టు నికరముగ ఉండును. జట్టువారి భీమా రుసుమును మీరే చెల్లింపుడు. అది మీ ఖర్చులలో లెక్కకు రానంత స్వల్పము. ధర మంచిగ ఉన్న సంవత్సరమున కొంత అధికముగ ఇత్తుమని ముందే ఒప్పుకొనుడు; ధర పడిన సంవత్సరమున వారు మిమ్ము విడువరు. క్రొత్తగ నాటునప్పుడు కొంతభాగమున పొట్టి, సంకరజాతులను నాటుడు. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డువారు యంత్రముతో చెట్టెక్కుటను నేర్పు శిక్షణను ప్రారంభించిరి; అట్టి శిక్షణకు మీ ఊరి యువకులను పంపుడు.

స్త్రీలకు సంబంధించిన మాట ఒకటి. నాట్లు, కలుపు, కాయలు పోగుచేయుట, పీచుపని వారి చేతులమీదుగ నడచుచున్నవి. ఒకే పనికి స్త్రీపురుషులకు సమాన వేతన మీయవలయునని 1976లోనే చట్టము వచ్చినది. స్త్రీల పొదుపు సంఘములు మన పల్లెలలో పెక్కు కుటుంబములను వడ్డీవ్యాపారుల చేతినుండి విడిపించినవి. ఏ ఇంట కూలి డబ్బు ఇల్లాలి లెక్కలోనికి వచ్చుచున్నదో ఆ ఇంట అది నిలుచుచున్నది.

చివరిమాట

“నా కొడుకును ఈ పనిలో పెట్టవలయునా, వద్దా?” అని దింపుపని చేయువారు నన్ను అడుగుచుందురు. దీనికి అందరికిని ఒక్కటే ఉత్తరము లేదు. బడి మానిపించి చెట్టెక్కించుట తగదు. చదువు పూర్తియైన యువకుడు, ఉద్యోగము రాలేదని ఇంట ఊరక కూర్చుండుటకంటె భీమాతోను, శిక్షణతోను, లెక్కతోను ఈ పనిచేయుట మేలు. అతడు పని మొదలిడిన దినముననే, ఈ పని ఎన్ని ఏండ్లు చేయుదును, పిమ్మట దేనిలోనికి దిగుదును అను రెండు ప్రశ్నలకు ఉత్తరము వ్రాసికొనవలయును. చెట్టు ఎక్కువాడు దిగు దారిని ముందే చూచుకొనును గదా!

ఇంటికి పోయిన వెంటనే ఒక నోటుపుస్తకము తీసికొనుడు. ఒక ప్రక్క ఈ నెలలో పనిచేసిన దినములు, వచ్చిన కూలి. రెండవ ప్రక్క తిండి, అప్పు, వైద్యము, వ్యసనము అని నాలుగు గళ్ళు వ్రాయుడు. వ్రాయుట రానివారు బడికి పోవు బిడ్డలచేత వ్రాయించుడు. మూడు నెలలు వ్రాసినచో మీ సొమ్ము ఎక్కడ కారిపోవుచున్నదో మీకే తెలియును. కారుచోటు తెలిసిన గట్టు వేయుట కోనసీమవారికి క్రొత్తగ నేర్పవలసిన విద్య కాదు.